గ్రో టెంట్‌లో వేలాడే ఆ నల్ల డబ్బా కథ

ఈ ఎపిసోడ్ రెండు మెసేజ్‌ల నుంచి పుట్టింది.

మొదటిది హైదరాబాద్ నుంచి. నాలాగే సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే ఒకతను రెంట్ ఫ్లాట్‌లో గ్రో టెంట్ పెట్టుకున్నాడు. తెలియని వాళ్ళ కోసం చెప్తా. బీరువా సైజులో నల్ల గుడ్డ డేరా, లోపలంతా వెండి రంగు పూత, పైన ఎల్ఈడీ లైటు, ఒక ఫ్యాన్. ఎండ రాని ఇంట్లో మొక్కలు పెంచుకోవడానికి. ఇతను పెంచేది తులసి, పుదీనా, వాము ఆకు, రెండు బంతి మొక్కలు. అంతే. కానీ రాత్రి కిటికీలోంచి ఊదా రంగు వెలుగు, గది నిండా ఘాటు వాసన. ఓనర్ అంకుల్ వచ్చి తలుపు కొట్టాడంట. "ఏం పెంచుతున్నవ్ బాబూ?" అని అడిగాడు, ఆ అడగడంలోనే ఇంకో ప్రశ్న ఉంది. ఆ భయంతో ఇతను ఒక కార్బన్ ఫిల్టర్ కొన్నాడు. పొడుగాటి డబ్బా, టెంట్ లోపల పైన వేలాడదీస్తారు. వాసన పోయింది. "అన్నా, ఇందులో ఏముంది, ఎట్ల పనిచేస్తది?" అని అడిగాడు.

దాని మీద నేనో చిన్న వీడియో పెట్టా. అది చూసి రెండో మెసేజ్ వచ్చింది, మర్రిగూడ వైపు నుంచి, డిగ్రీ చదివే తమ్ముడు. "అన్నా, ఆ బొగ్గు అన్నీ పీల్చుకుంటదన్నవ్ కదా. మా బోరు నీళ్ళకు పెడితే ఫ్లోరైడ్ పోతదా?"

మొదటి ప్రశ్నకి రెండు నిమిషాల్లో జవాబు చెప్పొచ్చు. రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మాత్రం రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. వెళ్దాం పదండి.

ముందు వాసన అంటే ఏంటో చూద్దాం. మొక్క వాసన అంటే మొక్క నుంచి గాల్లోకి ఎగిరే నూనె లాంటి చిన్న చిన్న అణువులు. వీటిలో పెద్ద కుటుంబం టెర్పీన్లు. మన నల్లగొండ బత్తాయి తొక్క గిల్లితే చెయ్యంతా వాసన వస్తుంది కదా, అది ఎక్కువగా లిమొనీన్. మిరియాల ఘాటులో క్యారియోఫిలీన్ ఉంటుంది. మామిడిలో, తులసిలో, పుదీనాలో ఇదే కుటుంబం వాళ్ళు వేరే వేరే పాళ్ళలో ఉంటారు. గంజాయిలోనూ ఉంటారు. అందుకే ఓనర్ అంకుల్ ముక్కు కన్ఫ్యూజ్ అయింది, ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేం. అయితే గంజాయికి ఉండే ఆ ప్రత్యేకమైన కంపు టెర్పీన్లది కాదని 2021లో అమెరికాలో కెమిస్టులు బయటపెట్టారు. అది గంధకం ఉన్న అణువులది. వెల్లుల్లి కంపు కూడా గంధకం ఉన్న అణువులదే. ఈ గంధకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కామెంట్లలో ఏమొస్తుందో నాకు తెలుసు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. గ్రో టెంట్, కార్బన్ ఫిల్టర్ జంటగా పాపులర్ అయింది గంజాయి వల్లనే. బ్రిటిష్ కాలంలో ఇక్కడ గంజాయి లైసెన్సు దుకాణాల్లో అమ్మేవాళ్ళు. 1893–94లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అని వేసి, దేశమంతా సాక్ష్యాలు తీసుకుని, ఏడు సంపుటాల రిపోర్టు రాశారు. పంట పొలంలో ఉండేది, వాసన గాలికి పోయేది, దాచాల్సిన అవసరమే లేదు. మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. దాని ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కుండీలో పెంచినా పెంచినట్టే. అమెరికాలో అయితే 1983 నుంచి కాలిఫోర్నియా కొండల్లో హెలికాప్టర్లు వేసుకుని తోటలు వెతకడం మొదలైంది. పైనుంచి కనపడకూడదని పెంచేవాళ్ళు మొక్కల్ని ఇళ్ళలోకి తెచ్చారు. ఇంట్లోకి తెస్తే హెలికాప్టర్ బాధ పోయింది, వాసన బాధ వచ్చింది. అప్పుడు కార్బన్ ఫిల్టర్ గుర్తొచ్చింది.

ఆ వాసన సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్ళింది. ఫ్లోరిడాలో ఒక ఇంటి గుమ్మం ముందుకు పోలీసులు ఫ్రాంకీ అనే జాగిలాన్ని తీసుకెళ్ళారు, అది వాసన పట్టేసింది. వారంట్ లేకుండా గుమ్మం దగ్గర కుక్కతో వాసన చూపించడం కూడా సోదానే అని 2013లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 5–4 తేడాతో.

మన దగ్గర అంత కథ లేదు. మన దగ్గర ఉన్నది హైవే. విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మన ఉమ్మడి నల్లగొండ జిల్లా మధ్యలోంచి పోతుంది: కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్. ఆంధ్రా–ఒడిశా బార్డర్ నుంచి వచ్చే సరుకు హైదరాబాద్ చేరే దారుల్లో ఇదొకటి. అందుకే 2021 అక్టోబర్‌లో మన నల్లగొండ పోలీసులు ఏకంగా విశాఖ మన్యంలోని లంబసింగి దాకా వెళ్ళారు, అక్కడ కాల్పుల దాకా వెళ్ళింది వ్యవహారం. ప్యాకెట్లకి ఎన్ని పొరలు టేపు చుట్టినా మొయినాబాద్‌లో ట్రైనింగ్ అయిన జాగిలానికి దొరికిపోతుంది. ఇంతవరకే. గంజాయి ఎట్ల దాచాలో ఈ చానెల్‌లో దొరకదు, మన కథ డబ్బా గురించి.

డబ్బాలో ఉన్నది బొగ్గు. ఎక్కువగా కొబ్బరి చిప్ప బొగ్గు. నల్లగొండ, పాలమూరు వాళ్ళకి బొగ్గు కొత్త కాదు. సర్కారు తుమ్మ కొట్టి, మట్టి కప్పి, రోజుల తరబడి పొగ వచ్చే బొగ్గు బట్టీలు రోడ్డు పక్కన చూసే ఉంటారు. ఉప్పు, బొగ్గు కలిపి పళ్ళు తోముకున్న తాతలు మనకున్నారు. కుండ మీద కుండ పెట్టి, ఇసుక, బొగ్గు వేసి నీళ్ళు వడగట్టడం స్కూల్ సైన్స్ బుక్‌లో చదువుకున్నాం.

దీన్ని ల్యాబ్‌లో సీరియస్‌గా పట్టుకున్నది 1785లో, రష్యాలో, టోబియాస్ లోవిట్జ్ అనే ఫార్మసీ కెమిస్ట్. మడ్డి రంగులో ఉన్న ద్రావణంలో బొగ్గు పడితే రంగు పోయింది. తర్వాత కంపు కొట్టే నీళ్ళలో వేసి చూశాడు, కంపూ పోయింది. బొగ్గు ఏదో పట్టుకుంటుంది, కానీ ఏం పట్టుకుంటుంది, ఏం పట్టుకోదు అన్నది ఎవరికీ పూర్తిగా తెలీదు.

అక్కడి నుంచి లండన్. 1850లలో లండన్‌లో కలరా. అప్పటి పెద్ద డాక్టర్ల నమ్మకం ఏంటంటే రోగం చెడు గాలి వల్ల వస్తుంది, అంటే కంపే రోగం. కంపు పోగొడితే రోగం పోయినట్టే. ఈ నమ్మకం మీదే జాన్ స్టెన్‌హౌస్ అనే స్కాట్లాండ్ కెమిస్ట్ 1854లో లండన్ మాన్షన్ హౌస్‌లో బొగ్గుతో గాలి ఫిల్టర్ పెట్టించాడు. ముఖానికి తగిలించుకునే బొగ్గు మాస్క్ కూడా చేశాడు. గ్రో టెంట్‌లో వేలాడే డబ్బాకి ముత్తాత అదే అనుకోవచ్చు. అదే 1854లో, అదే ఊళ్ళో జాన్ స్నో అనే డాక్టర్ బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర లెక్కలు తీసి, కలరా గాలిలో లేదు, నీళ్ళలో ఉందని చెప్పాడు. పెద్దగా ఎవరూ వినలేదు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపుకి పార్లమెంటే నడవలేని పరిస్థితి వచ్చింది. కర్టెన్లని బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో ముంచి కిటికీలకి కట్టారు. కంపు భరించలేకే ఆ ఊరికి కొత్త మురుగు కాలువలు శాంక్షన్ చేశారు. కాలువలు కట్టాక కంపు తగ్గింది, కలరా కూడా తగ్గింది. అంటే కారణం తప్పు, పని రైటు. ఇంజనీరింగ్‌లో ఇది మస్తు డేంజర్. తప్పు లాజిక్‌తో కోడ్ రన్ అయిపోతే ఆ బగ్ ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోతుంది.

ఆ బగ్‌ని బయటకి లాగింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లో. మలేరియా అనే మాటకి అర్థమే ఇటాలియన్‌లో చెడు గాలి. చిత్తడి నేల కంపు పీలిస్తే జ్వరం వస్తుందని వందల ఏళ్ళు నమ్మారు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోప్ కింద మలేరియా పరాన్నజీవిని చూశాడు. జ్వరానికి కారణం కంపు కాదు, దోమ. ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర. మనలో ఎంతమంది దాని ముందు నుంచే ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ పోయామో.

సరే, బొగ్గు కథకి వద్దాం. 1915 ఏప్రిల్ 22, బెల్జియంలో ఈప్ర్ అనే ఊరు దగ్గర జర్మన్లు క్లోరిన్ గ్యాస్ వదిలారు. నాలుగు రోజులకి మన లాహోర్ డివిజన్ సైనికులని అదే చోట యుద్ధంలోకి దింపారు. వాళ్ళ దగ్గర మాస్కుల్లేవు, తడి గుడ్డలే. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ బొగ్గు నింపిన మాస్క్ తయారుచేశాడు. అయితే ఇది కుంపట్లో వేసే బొగ్గు కాదు. మామూలు బొగ్గుని మళ్ళీ 800–1000 డిగ్రీల వేడిలో ఆవిరి తగిలిస్తే లోపల కోట్ల కోట్ల సన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. దీన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. ఒక్క గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో పది గుంటలు. చిటికెడు బొగ్గులో పావు ఎకరం చేను మడతపెట్టి ఉందన్నమాట. అందుకే సర్కారు తుమ్మ బొగ్గు తెచ్చి డబ్బాలో పోస్తే ఆ స్థాయిలో పనిచేయదు.

అమెరికా యుద్ధంలోకి దిగాక కెమిస్టులు రకరకాల బొగ్గులు ట్రై చేశారు. గట్టి గింజ, గట్టి పెంకు నుంచి వచ్చిన బొగ్గే బెస్ట్ అని తేలింది, కొబ్బరి చిప్ప అన్నిటికన్నా పైన. చిప్పలు సరిపోక 1918లో అమెరికా జనాన్ని పండ్ల గింజలు దాచిపెట్టి ఇమ్మన్నారు. రెండొందల పీచ్ గింజలకి ఒక మాస్క్ అని ప్రచారం. పిల్లలు డబ్బాలు పట్టుకుని వీధి వీధి తిరిగారు. ఈ రోజు ఆ కొబ్బరి చిప్ప బొగ్గు తమిళనాడు, కేరళ ఫ్యాక్టరీల్లో తయారై ప్రపంచమంతా పోతుంది. మనం ఆన్‌లైన్‌లో కొన్న ఫిల్టర్ డబ్బా ఏ దేశం నుంచి వచ్చినా, లోపలి బొగ్గు మన కొబ్బరి చెట్టుదే అయ్యే చాన్స్ బాగానే ఉంది.

ఇక్కడే అసలు పాయింట్. యుద్ధంలో సైనికులకి బొగ్గు మీద బాగా నమ్మకం కుదిరింది. కానీ మందుగుండు పేలిన చోట ఇంకో గ్యాస్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. బొగ్గు దాన్ని పట్టుకోదు. దానికోసం హాప్కలైట్ అని వేరే పదార్థం కనిపెట్టాల్సి వచ్చింది. మన దగ్గర కూడా చలికాలంలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని పొద్దున్నే లేవని వాళ్ళ వార్తలు వస్తాయి కదా, ఆ గ్యాసే.

1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, న్యూ లండన్ అనే ఊళ్ళో ఒక స్కూలు పేలిపోయింది. లీకైన సహజ వాయువుకి వాసన లేదు, ఎవరూ పసిగట్టలేదు. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువగా పిల్లలే. ఆ తర్వాత గ్యాస్‌లో కావాలని కంపు కలపడం తప్పనిసరి చేస్తూ చట్టాలు వచ్చాయి. మన వంటింటి సిలిండర్ వాసన గ్యాస్‌ది కాదు, అందులో కలిపిన గంధకం అణువుది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా, గంజాయి కంపు అణువుకి ఇది దగ్గరి చుట్టం. ఒక చోట దాన్ని దాచడానికి బొగ్గు కొంటున్నారు, ఇంకో చోట ప్రాణాలు కాపాడటానికి దాన్నే కలుపుతున్నారు.

యాదృచ్ఛికమో ఏమో, అదే 1937లో మన వైపు కూడా ఒక రిపోర్టు వచ్చింది. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు వంకర పోయే జబ్బుకి కారణం నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ అని మద్రాస్ ప్రెసిడెన్సీ డాక్టర్లు రాశారు. 1940లలో నల్లగొండలోనూ అదే కథ బయటపడింది. గ్రానైట్ రాళ్ళలోంచి బోరు నీళ్ళలోకి దిగే ఫ్లోరైడ్. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని పరిమితి. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు దానికి ఎన్నో రెట్లు ఉన్న బోర్లుండేవి. పళ్ళ మీద గోధుమ రంగు చారలు, వంగని నడుములు, ముప్పై ఏళ్ళకే ముసలితనం. ఆ నీళ్ళు చూడటానికి తేటగా ఉంటాయి. వాసన లేదు. రుచీ బాగుంటుంది. మర్రిగూడలో ఒక పెద్దమ్మ నాతో అన్న మాట: "కంపు కొడ్తే తాగకపోదుము బిడ్డా."

మన జిల్లా పేరు ప్రపంచ సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది కూడా దీనివల్లనే. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి తయారుచేసింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి. పటిక నుంచి మెత్తటి తెల్ల ముద్దలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతాయి. పై నీళ్ళు వడకట్టుకోవాలి. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా పల్లెల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. బాగానే ఉంది కానీ, నీళ్ళని బట్టి పటిక పాలు మారాలి, అడుగున చేరిన మడ్డిని రోజూ తీయాలి, ఎవరో ఒకరు రోజూ నిలబడి చెయ్యాలి. ఎక్కడికక్కడ ప్లాంట్లు కట్టారు, నడిపేవాళ్ళు లేక మూలకు పడ్డాయి. ఇంకో పద్ధతి ఎముకల బొగ్గు. అది ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, కానీ అందులో పనిచేసేది బొగ్గు కాదు, ఎముకలోని క్యాల్షియం ఫాస్ఫేట్. ఆఫ్రికాలో నడిచింది. మన ఇళ్ళల్లో పశువుల ఎముకల మీదుగా వచ్చిన నీళ్ళు ఎవరు తాగుతారు? ఇక్కడ నిలబడలేదు.

వాసన లేని సమస్య కాబట్టి దాన్ని ఢిల్లీ ముక్కుకి తగిలేలా చెయ్యాల్సి వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, దుశర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ సీటుకి జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పేపర్ పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. ఆ తర్వాత దాన్ని 10,000 చేశారు. ఫ్లోరైడ్‌కి మందు రావడానికన్నా ముందు నామినేషన్ ఫీజు పెరిగింది. మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వేశారు, తర్వాత కృష్ణా నీళ్ళు పైపుల్లో ఊళ్ళకి వచ్చాయి. ఇప్పుడు కొత్తగా ఫ్లోరైడ్ బారిన పడే పిల్లలు తగ్గారు. నిజమే. కానీ పైపు నీళ్ళు రాని రోజు, మోటారు రిపేరైన వారం, పొలం దగ్గర దాహమేసిన మధ్యాహ్నం, బోరు నీళ్ళే.

కాబట్టి మర్రిగూడ తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు. పోదు. ఫ్లోరైడ్ అంటే నీళ్ళలో కరిగిన చిన్న అయాన్, నీళ్ళని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. బొగ్గు రంధ్రాలకి ఇష్టమైనవి నూనె జాతి అణువులు. తులసి వాసన, బంతి వాసన, కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన, ఇవన్నీ తీసేస్తుంది. కొబ్బరి చిప్ప బొగ్గు ఎంత పోసినా ఫ్లోరైడ్ దాదాపు అట్లనే బయటికొస్తుంది. పైగా నీళ్ళు ఇంకా తేటగా, ఇంకా రుచిగా కనిపిస్తాయి, అది ఇంకా ప్రమాదం. ఊళ్ళల్లో తిరిగి అమ్మే చవక ఫిల్టర్లలో చాలావాటిలో ఉండేది కార్బన్ క్యాండిలే. "అన్నీ పోతాయి" అని అమ్ముతారు. కాచి తాగితే పోతుందనుకోవద్దు, కాస్తే నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పనిచేసేవి ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా, లేదంటే సరిగ్గా చేసిన పటిక పద్ధతి. నేను కూడా మొన్నటి వీడియోలో "అన్నీ పీల్చుకుంటుంది" అన్నా. అది నా తప్పు, ఆ లైన్ తీసేసి మళ్ళీ అప్‌లోడ్ చేస్తున్నా.

హైదరాబాద్ తమ్ముడికి ఒక మాట. ఆ బొగ్గు రంధ్రాలు నిండిపోతాయి, గదిలో తేమ ఎక్కువైతే ఇంకా తొందరగా నిండుతాయి. నిండాక వాసన మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు బొగ్గు మార్చాలి. దానికన్నా ముందు ఓనర్ అంకుల్‌ని లోపలికి పిలిచి టెంట్ జిప్పు తీసి తులసి చూపించు, నాలుగు పుదీనా రెమ్మలు కూడా ఇవ్వు.

మర్రిగూడ తమ్ముడు మాత్రం ఒక పని చెయ్యి. శుభ్రంగా కడిగిన లీటరు ప్లాస్టిక్ బాటిల్‌లో మీ బోరు నీళ్ళు పట్టి, గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో ఇచ్చి ఫ్లోరైడ్ టెస్ట్ చేయించు. ఎంత వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు, దాన్ని బట్టి నెక్స్ట్ ఎపిసోడ్ చేద్దాం.